కోర్టు నుంచి తిరిగొచ్చిన గిటారు

ఉలి మొనను పెన్సిలు గీత మీద ఆనించి సుత్తితో ఒక్కటేసింది. గోరంత పెచ్చు లేచి చెంపకు తగిలింది. తుడుచుకోలేదు. ఇంకోటి వేసింది, ఇంకోటి. మెత్తటి చెక్క కాదిది, మొండిది, మనిషిలా ఎదురు తిరుగుతుంది, కొట్టినప్పుడల్లా అరచేయి అదురుతుంది, ఆ అదురు మోచేతి దాకా పాకి అక్కడ ఆగుతుంది, అదంటే ఆమెకు ఇష్టం. కొత్త పికప్‌లు పాతవాటికంటే బాగా వెడల్పు, గిటారు తీగల అదురును కరెంటుగా మార్చేవి ఇవే. పాతదాంట్లో అయస్కాంతం చుట్టూ ఒక్కటే తీగచుట్ట, కొత్తదాంట్లో రెండు పక్కపక్కనే, ఒకదాని రొదను ఇంకొకటి మింగేస్తుంది, అందుకే గుయ్యిమనే చప్పుడు లేకుండా తీగల మోత మాత్రం చిక్కగా, బండగా బయటికొస్తుంది. కాని పాత గుంటలో అవి పట్టవు, అంచులు చెక్కాలి. చెక్కుతోంది. కింద టైర్ల షాపులో ఎవడో రిమ్ము మీద సమ్మెట వేస్తున్నాడు, వాడి దెబ్బకూ ఆమె దెబ్బకూ మధ్య పోటీ నడుస్తోంది, ఒకసారి వాడు ముందు, ఒకసారి ఈమె. సాయంత్రం అక్క వస్తానంది. వచ్చేలోగా ఇది అయిపోవాలి. ఎందుకు అయిపోవాలో ఆమెకే సరిగ్గా తెలియదు. అక్క గుమ్మంలో అడుగు పెట్టేసరికి గిటారు తన చేతిలో ఉండాలి, తీగలతో, గొంతుతో, ప్రాణంతో ఉండాలి, అంతే. ఆ తరువాత సంగతి చేతులే చూసుకుంటాయి.

అక్క అంటే తోడబుట్టింది కాదు. బ్యాండులో పాడే మనిషి. వయసులో పెద్దది కాబట్టి అందరూ అక్కా అనేవాళ్లు, డ్రమ్స్ వాయించేవాడు కూడా, వాడికి జుట్టు నెరిసినా సరే. ఆ అక్క మెడకు ఒకడు మైకు కేబులు బిగిస్తుంటే ఈ గిటారుతోనే వాణ్ని కొట్టింది. వాడు చచ్చాడు. అక్క బతికింది. బతికి, కోర్టులో నిలబడి, నేనేమీ చూడలేదండీ అంది. ఆ ఒక్క మాటతో ఆమె జైలుకు పోయింది, గిటారు పోలీసుల గదికి పోయింది, ఇద్దరూ చీకట్లోనే ఉన్నారు, ఇద్దరికీ తుప్పు పట్టింది. ఉలి పక్కకు జారింది. బొటనవేలి పక్కన చర్మం చీరి రక్తం బొట్టుగా ఉబికింది. చూసింది. రక్తాన్ని చూస్తే ఆమెకు ఎప్పుడూ అదే ఆశ్చర్యం, ఇంత తేలిగ్గా వచ్చేస్తుందేమిటని. వేలు నోట్లో పెట్టుకుని చీకి, చెక్కపొట్టుతో కలిపి ఉమ్మేసి, మళ్లీ సుత్తి ఎత్తింది.

గిటారును తెచ్చింది మామయ్య. అమ్మ తమ్ముడు, అమ్మ పోయాక పెంచింది ఆయనే, ఊరంతా సౌండ్ సిస్టంలు అద్దెకిచ్చి, జనరేటర్ల పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినపడదనుకుంటాడు. ఆయన గుసగుసలాడితే వీధి చివర కుక్క లేచి సమాధానం చెబుతుంది. గిటారు నాది, మా మేనకోడలిది కాదు, వస్తువేం తప్పు చేసింది అని కోర్టు చుట్టూ తిరిగి తిరిగి విడిపించుకొచ్చాడు. మెడకు గుడ్డ చీటీ కట్టి ఉంది, దాని ముడి మీద ఎర్ర లక్క. ఆ లక్కను ఆమె పళ్లతో కొరికి తీసింది. ముందువైపు పలక స్క్రూలు విప్పి ఎత్తితే లోపల గుంటలో గోధుమరంగు మరక, ఎండిపోయి పగుళ్లిచ్చి, బురద ఎండిన చెరువులా ఉంది. కొంత గీకి తీసుకున్నారు పరీక్షకని, గీకిన చోట బ్లేడు గాట్లున్నాయి. మిగిలింది ఎవరికీ అక్కర్లేదు. నీకు ఇక్కడేం పనిరా అంది ఆ మరకతో, బయటికే. వాడు, చచ్చిన ఆ బారు మేనేజరు, బతికుండగా కూడా అంతే, అక్కర్లేని చోటల్లా దూరేవాడు. ఇప్పుడు ఉలి కింద ఆ మరకే పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. వాణ్ని మళ్లీ కొడుతున్నట్టుంది. సిగ్గు లేకుండా హాయిగా ఉంది.

"మెల్లిగా కొట్టవే. చెక్క ఒకసారి చీలింది. జిగురు పెట్టి అతికించాను," అని మంచం మీంచి అరిచాడు మామయ్య.

"తెలుసు మామయ్యా."

"ఆఁ?"

"తెలుసన్నాను."

"తెలిస్తే అలా కొట్టవు. ఎవరిమీదో కొడుతున్నావు."

ఆయనకు వినపడేది తక్కువ, కనపడేది ఎక్కువ. గుంట అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది, పొట్టు ఊది, పాత పికప్‌లు అంటుకుని ఉన్న పలకను తిరగేసి ముందు పెట్టుకుంది. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టింది. మొన వేడెక్కేదాకా ఆగాలి. ఆగడం ఆమెకు బాగా వచ్చు, అది నేర్పడానికి గోడలు కట్టి మరీ ఉంచారు. మీటరు వైర్ల మొనలు ఆనించి చూస్తే, మెడ దగ్గరి పికప్ చచ్చిపోయి ఉంది, ముల్లు కదలలేదు. లోపల వెంట్రుకకంటే సన్నటి రాగితీగ ఎక్కడో తెగింది. ఎక్కడ తెగిందో తెలియదు కాని ఎప్పుడు తెగిందో తెలుసు. ఐరన్ మొన పాత టంకం మీద పెట్టగానే అది ముందు మొరాయించి, తరువాత ఒక్కసారి కన్నీటి చుక్కలా మెరిసి కరిగింది, పొగ లేచింది, ఆ పొగ ముక్కులోకి పోగానే ఆమె ఈ గదిలో లేదు.

హోటలు నేలమాళిగలో బారు, బారు వెనక సామాన్ల గది. పాత కుర్చీలు, ఖాళీ సీసాల డబ్బాలు, తడి గోనెసంచుల వాసన. గంట పాడాక మధ్యలో విరామం. ఒక తీగ తెగింది, కొత్తది వేసుకుందామని గిటారు భుజాన వేలాడేసుకుని తలుపు నెట్టింది. తలుపు సగమే తెరుచుకుంది, దేనికో తగిలి ఆగింది. ఆ దేనికో అక్క కాలు. అక్క నేలమీద వెల్లకిలా ఉంది, మడమలు గచ్చును టపటపా కొడుతున్నాయి, లయ లేకుండా, అది వింటూ ముందు ఆమెకు తట్టింది లయ తప్పిందే అని, అంత పిచ్చి ఆలోచన, తరువాతే చూసింది. మేనేజరు అక్క మీద మోకాలు పెట్టి, మైకు కేబులు రెండు చేతులకూ చుట్టుకుని బిగిస్తున్నాడు. రేపటి నుంచి ఇక్కడ పాడనంది అక్క, పొద్దున. అంతే, ఆ మాటకే. పాడవా, పాడవా, ఇక ఎక్కడా పాడవు, అంటున్నాడు వాడు, కోపంగా కూడా కాదు, బూటు లేసు బిగించుకునేవాడిలా, పనిలో ఉన్నట్టు. వాడి మెడ మీద చెమట. వాడి చెవి వెనక పుట్టుమచ్చ. ఆమె గిటారు పట్టీ తల మీంచి తీసింది, మెడను రెండు చేతులా పట్టుకుంది, గొడ్డలి పట్టుకున్నట్టు, ఎవరూ నేర్పకుండానే చేతులకు ఎలా తెలుసో, పుట్టుమచ్చను చూసి కొట్టింది. గిటారు మోగింది. ఆ మోత ఆమె మరచిపోలేదు, మనిషి తలకు తగిలినప్పుడు మిగిలిన తీగలన్నీ ఒకేసారి ఖంగుమన్నాయి. వాడు పక్కకు ఒరిగాడు, పూర్తిగా పడలేదు, మోచేతి మీద ఆగాడు, పిడికిలి కనపడింది, పిడికిలికి నల్లటి కేబులు, కేబులు చివర అక్క మెడ. కొట్టింది మళ్లీ. ఈసారి అంచుతో. ఈసారి మోగలేదు, కొబ్బరికాయ తడిగుడ్డలో చుట్టి కొట్టినట్టు ఒక మూసుకుపోయిన చప్పుడు, చెక్క చీలింది, లోపల ఆ సన్నటి రాగితీగ తెగింది, వాడు ఇక కదలలేదు.

సర్కారు వకీలు నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. మర్యాదస్తుడు, అమ్మా అనకుండా ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మొదటి దెబ్బను నేను తప్పు పట్టనమ్మా అన్నాడు, మా ఇంట్లో ఆడపిల్లైనా అలాగే కొట్టాలంటాను. కాని పడిపోయినవాణ్ని రెండోసారి ఎందుకు కొట్టావమ్మా. పిడికిలికి కేబులు చుట్టుకుని ఉంది, ఇంకా లాగుతున్నాడు అంది ఆమె. ఎవరైనా చూశారామ్మా. కోర్టు కోర్టంతా అక్క వైపు తిరిగింది. ఫ్యాను తిరుగుతోంది, అక్క మెడకు పూల స్కార్ఫు, దాని కింద మచ్చ ఉంటుందని ఆమెకు తెలుసు, ఆ మచ్చ తన సాక్ష్యం, చెప్పవే అనుకుంది, ఒక్క మాట, పిడికిలి బిగిసే ఉందని ఒక్క మాట. అక్క నేల వైపు చూసింది. నాకు స్పృహ లేదండీ, నేను చూడలేదు. అంతే, దిగిపోయింది. దిగుతూ ఈ వైపు చూడలేదు. చెప్పుల చప్పుడు కూడా రాకుండా పోయింది.

అప్పటి నుంచి చంపుతూనే ఉంది అక్కను. జైల్లో పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి. వంటశాలలో గంజి కాగుతుంటే ఆ గంజిలో అక్క మొహం ముంచేది. కుట్టుమిషను సూది కింద అక్క పెదాలు పెట్టి కుట్టేది, దగ్గర దగ్గరగా, మంచి పనితనంతో. ఊహకు కాపలా లేదు కదా. పైకి మాత్రం బుద్ధిమంతురాలు అని పేరు, ఒక్కసారి తప్ప. పంపు దగ్గర ఒక లావుపాటి మనిషి ఆమె బిందెను కాలితో తన్ని, ఏమే గిటారూ, నన్నూ కొడతావా అంది. నవ్వులు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే ఆ మనిషి జుట్టు పట్టుకుని పంపు కొళాయికేసి మొహం గుద్దింది, పన్ను విరిగి నీళ్లలో పడింది, తెల్లగా, చిన్నగా, ధాన్యపు గింజలా. వార్డరమ్మ లాఠీతో పిక్కల మీద కొడుతుంటే నొప్పి తెలియలేదు, ఆ పన్ను నీళ్లతో పాటు తూముకేసి పోవడాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు తరువాత ఆమె పంపు దగ్గరికొస్తే అందరూ తప్పుకునేవాళ్లు. దారి ఖాళీ అయ్యేది. ఖాళీ దారిలో బిందె పట్టుకుని నడవడం బాగుండేది. బాగుందని ఎవరికీ చెప్పలేదు.

పాత వైర్లన్నీ పీకేసింది, గుడ్డచుట్టు వైర్లు, ఎలుక తోకల్లా గట్టిపడ్డాయి. వాల్యూము నాబు కింది డబ్బా కూడా మార్చాలి, కొత్త పికప్‌ల ధాటికి పాతది చాలదు, గొంతును నొక్కేస్తుంది. డ్రమ్స్ అతను అన్నీ కలిపి ఒకే పొట్లంలో పంపించాడు, పికప్‌లు, పలక, నాబులు, మీట, వైరు, టంకం, వాడిప్పుడు సంగీత వాయిద్యాల షాపులో పని చేస్తున్నాడు. పొట్లంతో పాటే కబురు. అక్క నిన్ను చూడాలంటోంది, వస్తే గెంటెయ్యవు కదా అని. గెంటనని చెప్పు అంది. గెంటడం చాలదు అని చెప్పలేదు.

మామయ్య లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "నేను కిందికి పోతున్నా. టైర్ల షాపు వాళ్ల దగ్గర కూచుంటా."

"ఎందుకు, ఉండు."

"ఆవిడొస్తే నేనేదో అనేస్తాను. నాకు మెల్లిగా తిట్టడం రాదు. బజారంతా పోగవుతుంది."

గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. ఆమె చేతిలోని ఐరన్ వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, గొంతు తగ్గించడానికి ప్రయత్నించాడు, ఆయన మొహంలో ఆ కష్టం కనపడింది.

"అమ్మాయీ. ఈసారి నాకు తిరగడానికి ఓపిక లేదే."

గిటారు కోసం తిరగడానికా, తన కోసం తిరగడానికా, ఆమె అడగలేదు. ఆయన మెట్లు దిగాడు, ఒక్కో మెట్టు మీద చెప్పు ఈడ్చుకుంటూ. ఆమె పనిలో పడింది. పనిలో పడితే చేతులు వేరే మనిషివి. కొత్త పలకలో పికప్‌లు బిగించి, తెల్ల వైరు మీటకు, మీట నుంచి వాల్యూముకు, వాల్యూము నుంచి జాకుకు, ప్రతి అతుకు మీదా ఐరన్ పెట్టి, వేడి ఎక్కాక టంకం తాకించి, అది పాకేదాకా ఊపిరి బిగబట్టి. నాబు డబ్బా వెనక ఎర్తు వైరు అతకడమే కష్టం, లోహం వేడిని తాగేస్తుంది, ఎంతసేపు పెట్టినా టంకం ఉండ కట్టి జారిపోతుంది, గట్టిగా నొక్కిపెట్టాలి, ఐరన్ మొనను అలా నొక్కిపెట్టి ఉంచుతూ ఆమె అనుకుంది, చర్మం అయితే ఇంతసేపు పట్టదు. అక్క మెడ మచ్చ మీద. స్కార్ఫు తీయించి, చూడలేదన్నావు కదా ఇప్పుడు చూడు అని. వాసన ఎలా ఉంటుందో కూడా ఊహించింది. టంకం పాకింది, అంటుకుంది, మెరుపు తగ్గి బూడిదరంగుకు గడ్డకట్టింది. చివరికి ఎర్తు తీగను తీగల కింది ఇనుప పట్టీకి కలిపింది. అది కలవకపోతే వాయించే మనిషికీ గిటారుకూ సంబంధం ఉండదు, చెయ్యి వేసినా తీసినా గుయ్యిమంటూనే ఉంటుంది. మామయ్య పాత యాంప్లిఫయరుకు వైరు పెట్టి, స్క్రూడ్రైవరు మొనతో పికప్ మీద తట్టింది. టక్. స్పీకరులోంచి టక్. రెండోదాని మీద. టక్. బతికాయి. తీగలు వేసింది, బిరడాలు తిప్పి బిగించింది, అన్నిటికంటే సన్నటి తీగ బిగుస్తుంటే అది సన్నగా ఏడ్చింది, ఇంకా తిప్పింది, తెగుతుందా తెగదా అనే దాకా.

మెట్ల మీద అడుగులు. మామయ్యవి కావు. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు.

అక్క గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది. అదే పూల స్కార్ఫు కాదు, బూడిదరంగుది. చేతిలో ఏమీ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"బాగున్నావా," అంది అక్క. గొంతు మారిపోయింది, ఇసుకలో ఈడ్చినట్టుంది.

"చూశావుగా. బాగున్నానా లేదా నువ్వే చెప్పు. ఓహో, నువ్వు చూడవు కదా."

అక్క తల దించలేదు. కోర్టులో దించింది, ఇక్కడ దించలేదు, దాంతో ఆమెకు కోపం నెత్తికెక్కింది, గిటారు బల్ల మీద పెట్టి లేచింది, ఎప్పుడు లేచిందో, ఎప్పుడు గది దాటిందో, స్కార్ఫు రెండు కొసలూ గుప్పిట్లో ఉన్నాయి, అక్క వీపు గోడకు తగిలి సున్నం రాలింది. ఎందుకు చెప్పలేదు, ఎందుకు చెప్పలేదే, ఒక్క మాట, నీకోసమే కదా కొట్టింది. గుడ్డ బిగుస్తోంది. అక్క మొహం ఎర్రబడింది, కళ్లు పెద్దవయ్యాయి, కాని చేతులు పైకి రాలేదు, పక్కలకు వేలాడుతూ ఉండిపోయాయి, ఎదురు తిరగని ఆ చేతుల్ని చూసి ఆమె గుప్పిట్లు వాటంతట అవే వదిలాయి. అక్క కిందికి జారి గచ్చు మీద కూర్చుంది. చాలాసేపు దగ్గింది.

"భయమేసింది," అంది దగ్గు ఆగాక.

"ఎవరంటే? చచ్చినవాడంటేనా? వాడి తరఫువాళ్లు బెదిరించారా?"

"ఎవరూ బెదిరించలేదు. నువ్వంటే."

కింద సమ్మెట చప్పుడు ఆగింది. కాఫీ వేళేమో.

"నాకు స్పృహ ఉంది ఆ రోజు," అంది అక్క. ఒక్కో మాటా తడుముకుని తీస్తోంది. "నువ్వు మొదట కొట్టగానే వాడి చేతులు వదిలేశాయి. కేబులు నేనే మెడ మీంచి లాక్కున్నాను. నా చేతుల్లోనే ఉంది. నీకు చూపించాను కూడా. చాలు అన్నాను, గొంతు పెగల్లేదు. నువ్వు నా వైపు చూశావు. చూసి, అప్పుడు కొట్టావు."

"అబద్ధం. పిడికిలికి చుట్టి ఉంది."

"నీ మొహం చూశాను నేను. నువ్వు..." అక్క ఆగింది. "అది కోర్టులో చెప్పకూడదనుకున్నాను. చూశానంటే, ఏం చూశావో చెప్పమంటారు. నాకు అబద్ధం అల్లడం రాదు, వకీలు రెండు ప్రశ్నలేస్తే బయటపడిపోతాను. అప్పుడు నీకు ఇంకా పెద్ద శిక్ష. అందుకని అసలు చూడలేదన్నాను. నాకు తోచింది అదొక్కటే."

అబద్ధం అని మళ్లీ అనబోయింది. పిడికిలిని వెతుక్కుంది, తన లోపల, ఇన్నేళ్లూ ఎప్పుడు కావాలంటే అప్పుడు కనపడిన పిడికిలి, నల్లటి కేబులు, బిగిసిన వేళ్లు, వేలికి ఉంగరం కూడా. ఉంది. ఉంది కాని, ఇప్పుడు చూస్తే ఆ చేతికి గాజులున్నాయి. ఎర్ర గాజులు. మేనేజరుకు గాజులెందుకుంటాయి. కళ్లు మూసుకుంది. మళ్లీ మొదటి నుంచి, తలుపు, మడమలు, పుట్టుమచ్చ, ఖంగుమన్న తీగలు, వాడు మోచేతి మీద, ఖాళీ చెయ్యి గచ్చు మీద పరుచుకుని, వేళ్లు విడివిడిగా. కాదు, బిగిసి. కాదు, విడివిడిగా. ఏది తను చూసింది, ఏది కోర్టు కోసం చెప్పీ చెప్పీ చూడడం నేర్చుకుంది. తెలియలేదు. తెలియకపోవడం ఎంత పెద్దదంటే, దాని ముందు కోపం నిలబడటానికి చోటు దొరకలేదు.

"నేనంటే భయమైతే ఎందుకొచ్చావు?" అంది, కళ్లు తెరిచి.

"పాడుదామని." అక్క స్కార్ఫు సర్దుకుంది. "ఈ గొంతుకు పాడటం ఏమిటని అందరూ అంటున్నారు. వేరేవాళ్లతో ప్రయత్నించాను. వాయించేవాళ్లు జాలిపడి నెమ్మదిగా వాయిస్తారు. నువ్వు జాలిపడవు కదా అని."

"భయం పోయిందా?"

"లేదు. మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కాను. ఇప్పుడు ఇంకా ఎక్కువైంది." గోడ పట్టుకుని లేచింది. "కాని నువ్వు ఆ తలుపు తియ్యకపోతే నేనసలు లేను. అది కూడా నిజమే."

ఆమె గిటారు తీసుకుని పట్టీ తగిలించుకుంది, వాల్యూము పూర్తిగా తిప్పింది. రొద లేదు, కొత్త పికప్‌లు మౌనాన్ని కూడా గట్టిగా పట్టుకున్నాయి, గదంతా ఊపిరి బిగబట్టినట్టుంది. భుజం నుంచి చెయ్యి ఎత్తి తీగల మీద కొట్టింది. ఆ మోతకు కిటికీ అద్దం గలగలలాడింది, బల్లమీది స్క్రూలు గెంతాయి, కింద ఎవడో ఏమైందిరా అని కేకేశాడు. ఇంత గొంతు ఈ చెక్కలో ఎప్పుడూ లేదు. అక్క ఉలిక్కిపడింది. మళ్లీ కొట్టింది, అక్క మళ్లీ ఉలిక్కిపడింది, మోతకు కాదు, మోత కంటే ముందే, చెయ్యి పైకి లేచినప్పుడే అక్క భుజాలు ముడుచుకుంటున్నాయి. అది గమనించి ఇంకోసారి ఎత్తింది చెయ్యి, అంత అవసరం లేకపోయినా, ఇంకా పైకి. అక్క ముడుచుకుంది. ఎత్తిన చెయ్యి గాలిలో ఉండగానే ఛాతీలో ఏదో వెచ్చగా, తియ్యగా పాకింది, పంపు దగ్గర దారి ఖాళీ అయినప్పటిలా, ఇంకా వెనక, సామాన్ల గదిలో, ఎర్ర గాజుల చేతులు కేబులును పైకెత్తి చూపిస్తుంటే, వాటి మీదుగా చూస్తూ, కింద కదలకుండా ఉన్న ఆ తల మీదికి అంచును గురి పెట్టుకుంటున్నప్పటిలా. ఇదే. పేరు తెలియకపోయినా రుచి తెలుసు. అక్క ఆ రోజు తన మొహంలో చూసింది ఇదే. ఇప్పుడు కూడా అదే మొహం ఉండి ఉంటుంది, ఎదురుగా ఉన్న మనిషి కళ్లల్లో కనపడుతోంది.

చెయ్యి దించడానికి ఎంతసేపు పట్టిందో. దించాక అరచేయి తడిగా ఉంది, ఉలి గాటు తెరుచుకుని రక్తం మణికట్టు దాకా కారింది. చీర చెంగుకు తుడుచుకుంది. అక్క అక్కడే ఉంది, గోడకు అంటుకుని, పోలేదు.

ఆమె పోయి తలుపు బార్లా తెరిచింది. అది గాలికి మూసుకోకుండా సుత్తి అడ్డం పెట్టింది. తిరిగొచ్చి గదిలో అన్నిటికంటే దూరంగా ఉన్న మూల, మంచం అవతల, గచ్చు మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. గిటారు ఒళ్లో పెట్టుకుంది. అలా కూర్చుంటే మోచెయ్యి పైకి లేవదు, మణికట్టు మాత్రమే ఆడుతుంది.

"తలుపు తీసే ఉంది అక్కా," అంది. "ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పో. పాట మధ్యలోనైనా సరే."

అక్క తలుపు దగ్గరికి నడిచింది. గడప దాటి ఒక కాలు బయట పెట్టింది. రెండో కాలు లోపలే ఉంచి, తలుపు చట్రాన్ని పట్టుకుని, మెట్ల వైపు ఒకసారి, మూలకు ఒకసారి చూసింది. ఆమె తల వంచుకుని మొదటి తీగ మీటింది. జాలిపడలేదు, నెమ్మది చెయ్యలేదు, పాత వేగంలోనే మీటింది. అక్క అలాగే, ఒక కాలు బయటే ఉంచి, పాడటం మొదలుపెట్టింది.